ఇల్లే పాఠశాలయైన జోరాసాంకో లోగిలి

కలకత్తా నగరపు ఉత్తరభాగమున, చిత్పూరు రోడ్డునుండి చీలిన ద్వారకానాథ ఠాకూరు సందులో, ఎఱ్ఱని మేడ యొకటి నేటికిని నిలిచియున్నది. నీలమణి ఠాకూరు 1784లో అచట కాపురము పెట్టెను. ఆయన మనుమడు ద్వారకానాథుడు ఆ ఇంటికి వైభవము తెచ్చెను. ద్వారకానాథుని మనుమడు రవీంద్రనాథుడు 1861లో ఆ ఇంటనే పుట్టి, 1941లో ఆ ఇంటనే కన్నుమూసెను. 1962లో ఆ లోగిలియందు రవీంద్రభారతి విశ్వవిద్యాలయము వెలసినది. అయితే అంతకు నూరేండ్లకు ముందునుండియే ఆ ఇల్లు ఒక పాఠశాలగా నడచినది. దాని గురువులు అన్నలు, వదినలు, తండ్రి, జీతమునకు వచ్చు పంతుళ్లు. దాని శిష్యులు ఆ ఇంటి కొడుకులు, కూతుళ్లు, పసితనముననే కాపురమునకు వచ్చిన కోడళ్లు.

రవీంద్రుడు బడికి పోలేదనియు, పోకయే మహాకవి ఆయెననియు మనలో ఒక వాడుక కలదు. మన ఇండ్లలో బడి ఎగగొట్టదలచిన పిల్లవాడు ఈ మాటను సాక్ష్యముగా తెచ్చుటయు కద్దు. శ్రోతలు మన్నింతురుగాక, ఆ సాక్ష్యము చెల్లదు. ఆయన ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెంట్ జేవియర్ కళాశాల, ఇన్నింట అడుగుపెట్టి ఎందునను నిలువక తిరిగివచ్చిన మాట నిజమే. కాని బడిలో చదువవలసినదానికంటె ఎన్నియో రెట్లు ఆ బాలుని చేత ఇంట చదివించిరి. ఆ చదువు ఎట్లుండెనో, ఆ ఇల్లు దినదినము ఎట్లు నడచెనో, ఆ నడపిన చేతులు ఎవరివో ఈ ప్రసంగమున కొంత తెలిసికొందము.

మొదట ఆ సంసారము ఎంత పెద్దదో చూతము. మహర్షి దేవేంద్రనాథులకు శారదాదేవియందు కలిగిన సంతానములో రవీంద్రుడు పదునాలుగవవాడు. పెద్దన్న ద్విజేంద్రనాథుడు ఆయనకంటె ఇరువదియొక్క యేండ్లు పెద్ద. అందువలన మేనల్లుళ్లు, అన్నల బిడ్డలు ఈయనతో ఈడుజోడుగా పెరిగిరి. ఠాకూరులు పీరాలీ బ్రాహ్మణులు. వారి పూర్వులకు ఎన్నడో మహమ్మదీయ సంపర్కము కలిగినదన్న కారణమున తక్కిన బ్రాహ్మణులు వారితో పంక్తికిని వియ్యమునకును ఒప్పుకొనెడివారు కారు. దానికితోడు దేవేంద్రనాథులు విగ్రహారాధనమును విడిచి బ్రహ్మసమాజమును నడుపుచుండిరి. కావున జెస్సూరు ప్రాంతపు కొలదిపాటి కుటుంబములనుండియే చిన్నపిల్లలను కోడళ్లుగా తెచ్చుకొనెడివారు. అల్లుండ్రు ఇల్లరికము వచ్చి మామగారి ఇంటనే ఉండిపోయెడివారు. వెలుపలి సమాజము తలుపు మూసినకొలది లోపలి సమాజము చిక్కబడినది. ఈ వెలి లేకున్నచో ఆ ఇంటి చదువు అంతటి గాఢత పొందియుండునా యని మాకు సందేహము.

ధనము కలదు, కాని మనమూహించునంత ఆడంబరము లేదు. ద్వారకానాథుడు 1846లో లండనులో చనిపోవునప్పటికి అప్పులు మిగిలెను. ఆయన కంపెనీ తరువాత కూలిపోయెను. దేవేంద్రనాథులు ఆ ఋణములను కాలక్రమమున తీర్చిరి. ఇంట మితవ్యయము అలవడినది. పదియేండ్లు నిండువరకు తాను మేజోళ్లెరుగననియు, చలికాలమున ఒక నూలు అంగీమీద మరియొక నూలు అంగీ తొడుగుటయే విశేషమనియు రవీంద్రుడు తరువాత వ్రాసికొనెను.

ఆ ఇంటి పిల్లల చదువునకు పెత్తనదారు మూడవ అన్న హేమేంద్రనాథుడు. ఆయన కొంతకాలము వైద్యకళాశాలలో చదివినవాడు. కుస్తీయందు మక్కువ గలవాడు. రవీంద్రుడు, ఆయనకంటె రెండేండ్లు పెద్దయైన సోమేంద్రుడు, పెద్దక్క సౌదామినీదేవి కుమారుడు సత్యప్రసాదుడు, ఈ మువ్వురు ఒక జట్టు. వారి దినచర్య వినుడు. తెల్లవారకముందే లేచి, లంగోటీలు బిగించి, ఒంటికన్ను వస్తాదుతో మట్టిలో కుస్తీ. ఒడలి మట్టి దులుపకయే అంగీ తొడిగికొని, వైద్యవిద్యార్థి యొకని యెదుట ఎముకల పాఠము. ఇందుకై తీగకు కూర్చిన మానవ అస్థిపంజరమొకటి చదువుగదిలో వ్రేలాడుచుండెను. పిమ్మట గణితము, చరిత్ర, భూగోళము, సాహిత్యము. అటుపై భోజనము చేసి బడికి పోవలెను. సాయంకాలము బడినుండి రాగానే వ్యాయామము నేర్పువాడును, చిత్రలేఖనము నేర్పువాడును సిద్ధముగ నుందురు. దీపము పెట్టినతోడనే ఇంగ్లీషు చెప్పు అఘోరబాబు వచ్చును. రాత్రి తొమ్మిది దాటినగాని విడుదల లేదు. ఆదివారము విష్ణువను గాయకుని వద్ద సంగీతము. సీతానాథ దత్తుగారి ప్రయోగములు. గాజుపాత్రలో నీరు పోసి, ఱంపపుపొట్టు వేసి, క్రింద మంట పెట్టినచో వేడినీరు పైకిని చల్లనినీరు క్రిందికిని తిరుగుట కంటికి కనిపించును. ఆ ప్రయోగమును చూచిననాటి విభ్రమమును ఆయన ఏబదియేండ్ల వయసునకును మరువలేదు. దత్తుగారు రాని ఆదివారము ఆదివారమువలెనే తోచెడిది కాదట. ఇవికాక సంస్కృత వ్యాకరణమును అర్థము తెలియకయే కంఠస్థము చేయించు పండితుడు వేరొకడు. వానకాలపు సాయంత్రమున, వీధి మోకాటిలోతు నీట మునిగియుండగా, నేడు మేష్టరు రాడని పిల్లవాడు వరండాలో నిలిచి ఆశపడుచుండును. అంతలో సందుమలుపున ఆ నల్లగొడుగు కనిపించును. ఈ బాధ ఎరుగని బాల్యము మనలో ఎవరికి కలదు?

ఈ పట్టికను చూచినవారికి ఇది పెంపకమా, పేరాసయా యని తోచును. మాకును అట్లే తోచినది. అయితే హేమేంద్రనాథుని విషయమున ఒక్క మాట చెప్పక తప్పదు. కలకత్తాలో పెద్దయిండ్ల పిల్లలు ఓనమాలతోపాటే ఇంగ్లీషు నేర్చుచుండిన ఆ కాలమున ఆయన వంగభాషలో పునాది పడినగాని ఇంగ్లీషు ముట్టరాదని పట్టుపట్టెను. ఎముకల పాఠమైనను, పదార్థవిజ్ఞానమైనను మాతృభాషలోనే చెప్పించెను. తోటివారు నవ్వుచున్నను తమ చేత చాలకాలము బెంగాలీయే చదివించిన ఆ అన్నకు రవీంద్రుడు తన జీవనస్మృతిలో నమస్కరించినాడు. ఆ అన్న 1884లో నలువది యేండ్లకే పోయెను.

ఇది బయటి మహలు కథ. లోపలి మహలు వేరొక లోకము. చిన్ననాడు ఈ పిల్లలకు అచ్చట ప్రవేశము తక్కువ. సేవకుల యేలుబడిలో వారు పెరిగిరి. శ్యాముడను సేవకుడు బాలుని కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీసి, దాటినచో ప్రమాదమని బెదరించి తన పనికి పోవును. సీత కథ తెలిసిన బాలుడు ఆ గీతను దాటలేదు. కిటికీనుండి కనిపించు చెరువును, మఱ్ఱిచెట్టును చూచుచు గంటలు గడిపెను. ఇంకొక సేవకుడు సంధ్యవేళ ఆముదపు దీపము చుట్టు పిల్లలను చేర్చి రామాయణము చదివెడివాడు. వారి ఫలహారమున పూరీలను పొదుపుగా వడ్డించి మిగిలినవి తాను మిగుల్చుకొనెడివాడు. వరండా మూలను నాయనమ్మ కాలపు పాతపల్లకి యొకటి పడియుండెను. సెలవుదినమున బాలుడు దానిలో దూరి తలుపులు మూసికొనగా, అది సముద్రములు దాటెడిది, అడవులు చొచ్చెడిది. మేష్టర్ల పట్టికలో ఈ రెండు పాఠములు, కిటికీయు పల్లకియు, లేవు. పెద్దవాడైన పిమ్మట ఆయన మరల మరల తలచుకొన్నవి మాత్రము ఇవియే.

లోపలి మహలునందు పాకశాల ఊరి సత్రమువలె నుండెడిది. బ్రాహ్మణ వంటవాండ్రు వార్చిన అన్నమును తెల్లని బట్టపై గుట్టగా పోసెడివారు. కలకత్తాకు కొళాయి నీరు రాకముందు, మాఘ ఫాల్గుణములలో గంగ తేటగా నున్నప్పుడు బోయీలు కావళ్లతో నీరు తెచ్చి, క్రింది అంతస్తు చీకటిగదులలో వరుసగా నిలిపిన పెద్ద బానలలో ఏడాదికి సరిపడ నింపెడివారు. కుస్తీమట్టితో బిడ్డ రంగు తగ్గునేమోయని శారదాదేవికి బెంగ. సెలవునాటి ఉదయమున బాదముపప్పు ముద్ద, మీగడ, కమలాపండు తొక్క కలిపి నూరి, వరండాలో బిడ్డను కూర్చుండబెట్టి ఆమె నలుగుపెట్టెడిది. బిడ్డ ప్రాణము ఆటకై తహతహలాడుచుండును. ఇంత పెద్ద సంసారమున తల్లి చేయి పిల్లవానిపై పడిన ఘట్టములు ఆయన స్మృతులలో అరుదు గనుక ఈ నలుగు మాకు విలువైనదిగా తోచినది. ఆమె 1875లో గతించెను.

వంటవారున్నను ఆడపిల్లలు వంట నేర్వవలసినదే యని మహర్షి నియమము. దినమునకొక్క రూపాయి వారి చేతికిచ్చెడివారు. దానితో చేపలో కూరగాయలో కొనుక్కొని తామే ఒక వంటకము చేయవలెను. ఈ సంగతి సౌదామినీదేవి వ్రాసినది. ఆ సౌదామినినే ఆయన 1851లో బెథూన్ గారి బాలికాపాఠశాలకు పంపిరి. మన వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికలకు బడి పెట్టినది 1874లో. ఆ లెక్కన చూచినచో ఈ సాహసము ఎట్టిదో తెలియును. తక్కిన ఆడువారి చదువు ఇంటనే సాగినది. మొదట ఒక వైష్ణవి వచ్చి అక్షరములు నేర్పెను. తరువాత ఇంగ్లీషు దొరసాని. అటుపై అయోధ్యానాథ పాక్‌డాశీ యను పండితుడు. అంతఃపురమున అడుగుపెట్టిన మొదటి పరపురుషుడు ఆయనయే. పుస్తకములమ్ము మాలిని యొకతె బట్టతల్లా అచ్చు పుస్తకముల మూటతో లోపలికి వచ్చినప్పుడు ఆడువారందరు మూగెడివారని ఈ ఇంటి ఆడపడుచు, నవలారచయిత్రి స్వర్ణకుమారీదేవి చెప్పినది.

కోడళ్లకు పాఠము చెప్పినవాడును హేమేంద్రనాథుడే. రెండవ కోడలు జ్ఞానదానందినీదేవి తన స్మృతులలో ఆ తరగతిని వర్ణించినది. తలపై ముసుగు కప్పుకొని మరదిగారి యెదుట కూర్చుండెడివారు; ఆయన గద్దించినప్పుడెల్ల ఉలికిపడెడివారు. ఏడెనిమిదేండ్ల వయసున జెస్సూరు పల్లెనుండి వచ్చిన ఆ పిల్ల ముసుగులోనుండియే సాహిత్యము చదివినది. ఆమె భర్త సత్యేంద్రనాథుడు ఇంగ్లండునకు పోయి, భారతీయులలో ఐ.సి.యస్. పరీక్షయందు మొదట నెగ్గినవాడు. 1864లో ఆయనకు బొంబాయి రాష్ట్రమున ఉద్యోగమైనప్పుడు భార్యను వెంట తీసికొనిపోదునని కోరెను. తండ్రి ఒప్పుకొనెను, కాని ఇంటి కోడలు వాకిట నడచి బండి యెక్కరాదు. మేనాలోనే ఓడవరకు పోవలెను.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. కట్టుకొని పోవుటకు ఏమున్నది? వంగదేశపు కులస్త్రీలు ఇంట ఒంటిచీరయే చుట్టుకొనెడివారు. రవిక లేదు, లోపావడ లేదు. అంతఃపురమునకు చాలిన ఆ ఉడుపు ఓడపైకి చాలదు. భర్త ఒక ఫ్రెంచి దుకాణమున ఏదో ప్రాచ్యవేషమట కుట్టించెను. అది ఎంత గందరగోళమైనదనగా ఆమె తనంత తాను తొడుగుకొనలేకపోయినది. బొంబాయిలో వారు కొన్ని నెలలు ఒక పారసీ కుటుంబముతో నుండిరి. అచ్చటి స్త్రీలు చీర కట్టు తీరును ఆమె శ్రద్ధగా చూచినది. కుచ్చిళ్లు పోసి, పైటను ఎడమభుజముపై నిలిపి, రవికయు లోపావడయు జతచేసి తనకు తగిన కట్టును కల్పించుకొన్నది. కుడిచేయి పనికి ఖాళీగా మిగిలినది. కలకత్తాకు తిరిగివచ్చిన తరువాత, నేర్చుకొనగోరువారికి నేర్పెదనని బామాబోధినీ పత్రికయందు ప్రకటన యిచ్చినది. ఆ కట్టును ఠాకూరువారింటి కట్టనియు, బ్రాహ్మిక కట్టనియు పిలిచిరి.

చీరకట్టునకు ఇంత కథ యేల యని ఎవరైన అడుగవచ్చును. మన తెలుగు పడతులకు కుచ్చిళ్లు, పైట కొత్త కావు గనుక ఆ ప్రశ్న సహజమే. కాని వెలుపలికి పోవుటకు తగిన బట్ట లేని ఇంట, ఆడువారికి వెలుపలి లోకమే లేదు. బడికిగాని, సభకుగాని, బంధువుల ఇంటికిగాని పోవుటకు అనుమతికంటె ముందు ఉడుపు కావలెను. రాజా రామమోహనుని కాలమునుండి పెద్దలు ఉపన్యాసములలో వాదించిన విషయమును ఈమె సూదితో, దారముతో సగము తేల్చినది. 1866లో ఆమె తిరిగివచ్చి అందరి యెదుట బండి దిగి ఇంట ప్రవేశించినప్పుడు ఇంటివారు కన్నీరు పెట్టుకొనిరట. 1877లో భర్త తోడు లేకయే బిడ్డలతో ఇంగ్లండునకు ప్రయాణమైపోయినది.

ఆమె చేసిన మరియొక పని మాకు ఇంతకంటె ముచ్చటైనది. 1885లో ఆమె 'బాలక్' అను మాసపత్రికను ప్రారంభించెను. ఇంటిలోని కుఱ్ఱవాండ్రు సుధీంద్రుడు, బలేంద్రుడు మొదలగువారు వ్రాయుటకు ఒక చోటు కావలెనని ఆమె ఉద్దేశము. పిల్లలతోనే పత్రిక నిండదు గనుక రవీంద్రుని పిలిచి బరువంతయు ఆయనపై మోపెను. కథలు, పాటలు, ప్రయాణముల ముచ్చట్లు ఆయన నెలనెల నింపవలసివచ్చెను. ఏడాదికే అది పెద్దవారి 'భారతి' పత్రికలో కలిసిపోయినది. ఈ 'భారతి' కూడ 1877లో ఈ ఇంటనే పుట్టినది. పెద్దన్న దాని సంపాదకుడు, తరువాత స్వర్ణకుమారీదేవి. సత్యేంద్రనాథుని ఇంట 1888 ప్రాంతమున ఒక కుటుంబపు నోటుపుస్తకమును తెరచిపెట్టిరి. ఎవరికి ఏమి తోచిన అది అందు వ్రాయవచ్చును. వేరొకరు క్రింద ఖండింపవచ్చును. రచనకు మెరుగుపెట్టు వ్యాయామశాల ఇంతకంటె చవుకగా ఎచ్చట దొరకును?

పిల్లలను మేష్టర్లు చదివించిరి, కాని రవీంద్రునికి సాహిత్యపు రుచి తగిలినది ఇంకొక వదినగారివలన. ఐదవ అన్న జ్యోతిరింద్రనాథుని భార్య కాదంబరీదేవి. 1868లో, తొమ్మిదేండ్లప్పుడు ఆమె ఈ ఇంటికి వచ్చినది. మరదికంటె రెండేండ్లు మాత్రమే పెద్ద. మిట్టమధ్యాహ్నమున ఆమె తాటాకు విసనకఱ్ఱ విసరుచుండగా ఆయన బంకించంద్రుని 'వంగదర్శన' పత్రికను బిగ్గరగా చదివెడివాడు. బడినుండి వచ్చిన మరదికి ఆమె చేతి రొయ్యలకూర, పచ్చిమిరపఘాటు తగిలిన చద్దన్నము సిద్ధముగా నుండెడివి. మూడవ అంతస్తు డాబాపై ఆమె తోట పెంచినది. కుండీలలో తాళజాతి మొక్కలు, వాని నడుమ చమేలీ, గంధరాజము, రజనీగంధ, గన్నేరు. సాయంకాలమున చాప పరచి, బాలీసు వేసి, వెండిపళ్లెరములో తడిరుమాలు కప్పిన మల్లెదండ, గ్లాసుతో మంచునీరు, పాత్రతో తాంబూలములు పెట్టెడిది. భర్త వయొలిన్ వాయించును, మరది పాడును. కవి విహారీలాల్ చక్రవర్తియందు ఆమెకు భక్తి. స్వహస్తముతో ఒక ఆసనమును అల్లి, ఆయన కావ్యపంక్తులనే దానిపై కుట్టి బహూకరించినది. ఆయన దానికి జవాబుగా 'సాధేర్ ఆసన్' అను కావ్యమునే వ్రాసెను.

ఆమెకు పిల్లలు లేరు. 1884 ఏప్రిలులో, ఇరువదియైదవ యేట, ఆమె బలవన్మరణము పొందినది. దీని కారణములను గూర్చి ఊహాగానములు చేసినవారు పలువురు; మేము వారిలో చేరము. ఇంతమాత్రము చెప్పుదుము: ఆ డాబాపై వెలసిన పాటలకును, పద్యములకును ఆమె మొదటి శ్రోత, మొదటి విమర్శకురాలు. ఆమె రచన యనదగినది మనకు మిగులలేదు.

హేమేంద్రనాథుడు తన కుమార్తెలకు ఇచ్చిన శిక్షణ వేరొక ఫలమునిచ్చినది. ఆడపిల్లలు పాడుట కూడదన్న ఆచారమును త్రోసి ఆయన వారికి సంగీతము నేర్పించెను. పెద్దకూతురు ప్రతిభాదేవి, 1881లో ఇంటి అరంగమున 'వాల్మీకి ప్రతిభ' ప్రదర్శించినప్పుడు సరస్వతి వేషము ధరించినది. పినతండ్రి రవీంద్రుడు వాల్మీకి. బంకించంద్రుడు ప్రేక్షకులలో నుండెను. రెండవ కూతురు ప్రజ్ఞాసుందరి వంటయందు పండితురాలాయెను. 1897లో మొదలైన 'పుణ్య' పత్రికలో వంటకములను ప్రకటించుచు, పిమ్మట 'ఆమిష ఓ నిరామిష ఆహార్' అను గ్రంథముగా కూర్చినది. అస్సామీ సాహిత్యరథి లక్ష్మీనాథ బెజ్‌బరువా ఆమె భర్త. ఆ గ్రంథమున తూకములు, పాత్రలు, వంటింటి శుభ్రత, పాకశాస్త్రపు పరిభాష, అన్నియు కలవు. విందులలో వంటకముల పట్టికను వంగభాషలో వ్రాసి పెట్టు పద్ధతిని ఆమె తెచ్చినది. రామమోహనుని పేర దోల్మా పులావు, ద్వారకానాథుని పేర ఫిర్నీ పులావు వండినది. రవీంద్రుని ఏబదవ జన్మదినమునకు కాలీఫ్లవరుతో బర్ఫీ చేసి 'కవిసంవర్ధన' యని పేరిడినది. తల్లి చెప్పగా కూతురు విని, చేతివాటముగా నిలుపుకొను విద్యను అచ్చులోనికి ఎక్కించిన ఈ గ్రంథమును, మా మట్టుకు మేము ఆ ఇంటి కావ్యముల ప్రక్కననే నిలుపుదుము.

ఈ వైభవమునంతను మెచ్చుకొనుటకు ముందు దాని ఖర్చు ఎవరిదో తలచుకొనవలెను. పద్మాతీరపు శిలైదహ, షాజాద్‌పూరు మొదలైన ఎస్టేట్ల రైతులు కట్టిన శిస్తు ఆ ఇంటికి ఆధారము. అసంఖ్యాకులైన సేవకుల చాకిరి ఆ తీరికకు మూలము. ఆ సేవకుల బిడ్డలకు హేమేంద్రనాథుడు ఎముకల పాఠము చెప్పించిన దాఖలా మాకు కనబడలేదు.

రవీంద్రుడు తండ్రియైన తరువాత ఈ ఇంటిచదువునే కొత్తరీతిగా నడపిచూచెను. 1898 ప్రాంతమున భార్యాబిడ్డలతో శిలైదహ కుఠీకి మకాము మార్చెను. ఐదుగురు బిడ్డలు: మాధురీలత, రథీంద్రుడు, రేణుక, మీర, శమీంద్రుడు. గణితమునకు జగదానందరాయ్, సంస్కృతమునకు శివధన విద్యార్ణవుడు, ఇంగ్లీషునకు లారెన్సను దొర. దొరగారికి పాఠముకంటె పట్టుపురుగుల పెంపకము ప్రియమైనది. పిల్లలకు అదియు ఒక పాఠమాయెను. చుట్టును నది, పడవలు, ఇసుకదిన్నెలు. తాను వరండానుండి ఆశగా చూచిన వెలుపలిలోకమును తన బిడ్డలకు ముందే ఇయ్యదలచెను.

ఆ ఇల్లు నడపినది మృణాళినీదేవి. 1883లో పదియేండ్లు నిండకమునుపే ఆమె జోరాసాంకోకు వచ్చినది. పుట్టింటి పేరు భవతారిణి. అత్తవారు పేరు మార్చిరి. పెండ్లియైన పిదప లొరెటో బడిలో ఏడాది, ఇంట పండితుని వద్ద సంస్కృతము. భర్త వంటింట పీట వేసికొని కూర్చుండి విపరీతపు వంటకములను కల్పించుచుండగా ఆమె నవ్వుచు వండిపెట్టెడిది. ఒకమారు మానకచు అను పెద్ద చేమదుంపతో జిలేబీ చేయుమనగా అది కూడ చేసి మెప్పించినదట. భర్త కోరికపై రామాయణమును పిల్లలకు తగినట్లు సులభమైన బెంగాలీలో సంక్షేపించుట ఆరంభించినది.

ఇప్పుడు తేదీలను గమనింపుడు. 1901 జూన్‌లో పెద్దకూతురు మాధురీలతకు పదునైదవ యేట వివాహము. ఆగస్టులో రేణుకకు పదునొకండవ యేట వివాహము. డిసెంబరు 22వ తేదీన శాంతినికేతనమున బ్రహ్మచర్యాశ్రమము ప్రారంభము. చేరినది ఐదుగురు బాలురు, వారిలో రథీంద్రుడొకడు. శిలైదహలో తమ్ముని సరసన కూర్చుండి చదివిన మాధురి, పట్టుపురుగులను చూచిన రేణుక, తండ్రి పెట్టిన బడి తలుపు తెరచుకొనునాటికి పరుల ఇంటి కోడళ్లు. చెట్లక్రింద బిడ్డలను విడిచిపెట్టవలెనని లోకమునకు చెప్పిన మహానుభావుడే ఆ ఏడాది కట్నపు లెక్కలతో సతమతమైనాడు. ఆయనను నిందించుట మా తలంపు కాదు. ఆనాటి మన ఇండ్లలోను బాలికల చదువు ఇంతకంటె పొడవుగా సాగలేదు. కాని ఇంటిబడి చరిత్ర చెప్పునప్పుడు, ఆ బడినుండి ఎవరిని ముందుగా లేపి పంపిరో చెప్పకుండుట న్యాయము కాదు.

బడికి డబ్బు చాలలేదు. మృణాళినీదేవి తన నగలను ఒక్కొక్కటిగా ఇచ్చెను. ఆశ్రమబాలురకు ఫలహారములు స్వయముగా చేసిపెట్టెను. ఏడాది తిరుగకముందే జబ్బుపడి, 1902 నవంబరు 23వ తేదీన జోరాసాంకో ఇంటనే చనిపోయినది. వయసు ముప్పదియైనను లేదు. రేణుక మరుసటి ఏట పోయినది. రామాయణపు అనువాదము సగములోనే ఆగిపోయినది.